అమ్మాయి తొలి ఉద్యోగం: 'జీతమెంత?' అని అడిగితే సరిపోతుందా?

మా వైపు పిల్లకు సంబంధం చూసేటప్పుడు పెద్దవాళ్లు పొలం సంగతి కన్నా ముందు నీళ్ల సంగతి అడుగుతారు. "ఆ ఊళ్లో మంచినీళ్లు యాణ్ణుంచి తెచ్చుకుంటారు? బోరు నీళ్లా, ట్యాంకరా? ఫ్లోరైడు ఉందా?" అని ఆరా తీస్తారు. పుల్లలచెరువు నుంచి కనిగిరి దాకా ఇదే వరస. ఆ తర్వాత అత్తగారి నోరు ఎలాంటిది, ఆడపడుచులు ఎందరు, పిల్లాడికి ఏమన్నా అలవాట్లున్నాయా అని బంధువుల్లో బంధువును పట్టుకుని కూపీ లాగుతారు.

ఇంత విచారించే మనమే, అదే పిల్ల చదువు ముగించి మొదటి ఉద్యోగానికి బయల్దేరితే ఒకే ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటాం. "జీతమెంతమ్మా?" ఆ అంకె బాగుంటే పక్కింటికి వెళ్లి చెప్పుకుంటాం. బాగా లేకపోతే పిల్ల మొహం వంక జాలిగా చూస్తాం. అంతే!

అన్ని ఉద్యోగాల మాటా నాకు తెలియదు గానీ, ఆస్పత్రి ఉద్యోగాల్లో మాత్రం, అందులోనూ ఫిజీషియన్ అసిస్టెంట్ అనే ఉద్యోగంలో, ఈ ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటే పిల్లకూ ప్రమాదమే, ఆమె చేతిలో పడే రోగికీ ప్రమాదమే. ఎందుకో చెబుతాను. కాస్త ఓపిగ్గా చదవండి.

ఏమిటీ చదువు?

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లలందరికీ ఎంబీబీఎస్ సీటు రాదు. రాని వాళ్లు నర్సింగో, ఫిజియోథెరపీయో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో చూసుకుంటారు. వాటి పక్కనే ఉన్న మరో చదువు బి.ఎస్సీ. ఫిజీషియన్ అసిస్టెంట్. చాలాచోట్ల మూడేళ్ల చదువు, ఆపైన ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. మొత్తం నాలుగేళ్లు.

ఇది పుట్టింది అమెరికాలో. డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ 1965లో నలుగురితో మొదలుపెట్టారు. ఆ నలుగురూ నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన వాళ్లు. 1967లో ముగ్గురు పాసై బయటికొచ్చారు. మన దేశానికి ఈ చదువు 1992లో వచ్చింది. చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె ఆపరేషన్ల డాక్టర్ కె.ఎం. చెరియన్ దీన్ని ప్రారంభించారు. మన దేశంలో తొలి బైపాస్ ఆపరేషన్ 1975లో చేసిన వారాయనే. 2025 జనవరిలో కన్నుమూశారు. గుండె ఆపరేషన్ చేసే డాక్టరుకు పక్కన ఇంకో జత చేతులు, ఇంకో జత కళ్లు కావాలి కదా! ఆ అవసరంలోంచి వచ్చిన చదువిది.

మరి ఈ అమ్మాయిలు ఏం చేస్తారు? రోగి దగ్గర కూర్చుని ఎప్పట్నుంచి బాగాలేదో, ఏ మందులు వాడుతున్నారో అడిగి కేసు షీటు రాస్తారు. పరీక్షల రిపోర్టులన్నీ వరసగా పెట్టి డాక్టరుకు చూపిస్తారు. రౌండ్స్‌లో వెంట ఉంటారు. బైపాస్ ఆపరేషన్ అయితే, గుండెకు అతికించడానికి కాలిలోంచి తీసే రక్తనాళాన్ని సర్జన్ పర్యవేక్షణలో తీసే పని కూడా బాగా అనుభవం వచ్చిన వాళ్లు చేస్తారు. ఆపరేషనయ్యాక ఐసీయూలో కనిపెట్టుకుని ఉంటారు. ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితాలు సిద్ధం చేసి, మందులు ఎట్టా వేసుకోవాలో ఇంటివాళ్లకు విడమరిచి చెబుతారు.

ఒక సందేహం రావచ్చు. "మన ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఒకమ్మాయి ఉంటుందే, ఆమేనా?" అని. కాదు. ఆ పోస్టులు బి.ఎస్సీ. నర్సింగ్ చదివిన వాళ్లవి. ఫిజీషియన్ అసిస్టెంటు పని ఎక్కువగా పట్నాల్లోని పెద్ద ఆస్పత్రుల్లోనే ఉంటుంది. అందుకే మన పిల్లలు ఊరు విడవక తప్పదు.

ఇక్కడ ఒక్క సంగతి కొంగున ముడి వేసుకోండి. ఈ ఉద్యోగం పేరులోనే 'అసిస్టెంట్' ఉంది. డాక్టరు ఉంటేనే ఈమె పని. డాక్టరు లేని చోట ఈమెకు పని లేదు, ఉండకూడదు కూడా.

మూడు చోట్ల నుంచి పిలుపు

మా తోడికోడలి కూతురు చెన్నైలో ఈ కోర్సు చదివింది. మా మరిది మిరప, కంది వేస్తాడు. ఒక ఏడు పండితే ఒక ఏడు ఎండే పొలం. బ్యాంకు లోను తీసుకుని, చాలని దానికి మా తోడికోడలి గాజులు కుదువ పెట్టి చదివించారు. కోర్సు అయిపోయేసరికి పిల్లకు మూడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది.

మొదటిది మాకు దగ్గరి టౌన్లో ఒక నర్సింగ్ హోమ్. నెలకు 28,000. పైన గది కూడా ఇస్తామన్నారు. రెండోది హైదరాబాదులో పేరున్న పెద్ద ఆస్పత్రి. 24,000. ఉండడం, తినడం మన ఖర్చే. మూడోది గుంటూరులో ఒక మోస్తరు గుండె ఆస్పత్రి. 20,000. హాస్టలు వాళ్లదే, భోజనానికి నెలకు 3,000 పట్టుకుంటారు.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా మరిది లెక్క తేలిగ్గా తేలిపోయింది. "వదినా, ఇంటి పక్కన 28,000 వస్తుంటే గుంటూరు పోయి ఇరవైకి చేసేదేంది? నెలకు పదకొండు వేలు తేడా. ఏడాదికి లక్షా ముప్పై రెండు వేలు! ఒక్క ఏడాదిలో గాజులు విడిపించుకోవచ్చు."

మా తోడికోడలికి ఇంకో ఆశ. "అక్కా, వాళ్లు గది బయట పేరు కూడా రాయిస్తారంట. పేరుకు ముందు డాక్టర్ అని పెడతారంట. మన ఇంట్లో డాక్టరమ్మ!"

పిల్ల మాత్రం తలొంచుకుని కూర్చుంది. చివరికి నెమ్మదిగా అంది. "పెద్దమ్మా, రాత్రి ఎనిమిది దాటితే ఆ డాక్టరు గారు ఊళ్లో ఉండరంట. ఫోన్లో ఉంటారంట. వచ్చిన కేసులన్నీ నన్నే చూసుకోమన్నారు. మందులు కూడా నన్నే రాయమన్నారు."

ఆ కుర్చీలో ఎందుకు కూర్చోకూడదు?

"అయితే ఏంది? మనూళ్లో ఆర్‌ఎంపీలు చెయ్యట్లేదా?" అన్నాడు మా మరిది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఈ మాటే అంటారు. అందుకే జవాబు వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం మాట. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం, డాక్టరుగా రిజిస్టరు కాని వాళ్లు వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు గానీ, 5 లక్షల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ గది బయట బోర్డు రాయించిన వాళ్లు రేపు ఏదైనా జరిగితే "మేము రాయమనలేదు" అంటారు. చీటీ మీద ఉండేది పిల్ల చేతిరాత! లక్షా ముప్పై రెండు వేల కోసం పిల్లను ఎక్కడ కూర్చోబెడుతున్నామో చూడండి.

"అమెరికాలో వీళ్లు మందులు రాస్తారంట కదా" అంటారు కొందరు. నిజమే, రాస్తారు. కానీ అక్కడ డిగ్రీ తర్వాత మళ్లీ మాస్టర్స్ చదివి, దేశమంతటికీ ఒకటే పరీక్ష పాసై, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సుతో రాస్తారు. వాళ్ల చట్టం వాళ్లది, మన చట్టం మనది. పొరుగింటి కొలతతో మనింటి జాకెట్టు కుట్టించుకోలేం కదా!

చట్టం కన్నా పెద్ద మాట ఇంకోటుంది. మన పల్లెల్లో అర్ధరాత్రి ఆస్పత్రికి ఎవరు వస్తారు? చేలో పాము కరిచిన వాళ్లు. గుండెల్లో మంట అని సోడా తాగి, చెమటలు పట్టి, ఇక తట్టుకోలేక ఆటోలో వచ్చేవాళ్లు. నెలలు నిండిన ఆడవాళ్లు. మొన్న మొన్న చదువు ముగించిన పిల్ల ఒక్కతే వాళ్ల ముందు నిలబడాలి. గ్యాస్ మంటకూ గుండెపోటుకూ తేడా పట్టుకోవడం అనుభవం ఉన్న డాక్టర్లకే ఒక్కోసారి కష్టం. వచ్చే మనిషి ఎవరో కాదు, మన అన్నో, తమ్ముడో, పక్కింటి పెద్దాయనో. వాళ్లేమో తెల్లకోటు చూసి డాక్టరమ్మే అనుకుంటారు.

ఇంగ్లండులో ఇలాంటిదే జరిగింది. 2022లో ముప్పై ఏళ్ల యువతి ఒకామె పిక్క నొప్పి, ఆయాసం అంటూ తన క్లినిక్‌కు రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ చూసింది డాక్టరు కాదు, ఫిజీషియన్ అసోసియేట్. అక్కడ వీళ్లకు అప్పట్లో అదే పేరు. తనను చూసింది డాక్టరేనని ఆమె అనుకుంది. కాలు బెణికిందనీ, కోవిడ్ తర్వాతి నీరసమనీ, ఆందోళన అనీ చెప్పి పంపారు. నిజానికి అది కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరే జబ్బు. ఆమె ప్రాణం పోయింది. వెంటనే పెద్దాస్పత్రికి పంపి ఉండాల్సిందని విచారణలో తేలింది.

ఆ తర్వాత పెద్ద చర్చ నడిచింది. ప్రొఫెసర్ జిలియన్ లెంగ్ అనే ఆవిడ ప్రభుత్వం కోసం సమీక్ష చేసి 2025 జూలైలో నివేదిక ఇచ్చారు. ఏమని? వీళ్లను మళ్లీ 'అసిస్టెంట్' అనే పిలవాలి. జబ్బేమిటో ఇంకా తేలని రోగులను, ముందే గీసిన హద్దుల్లో తప్ప, వీళ్లు చూడకూడదు. ముఖ్యంగా, కొత్తగా పాసైన వాళ్లు కనీసం రెండేళ్లు పెద్దాస్పత్రిలో పనిచేశాకే ఊరి క్లినిక్కుల్లోకి రావాలి. ఈ చివరి మాట మన తల్లులందరం గుర్తు పెట్టుకోవాల్సింది. అంత సదుపాయాలున్న దేశంలోనే 'మొదటి రెండేళ్లు పెద్దల నీడలో' అంటుంటే, మన పిల్లను మొదటి నెలలోనే ఒంటరిగా రాత్రి డ్యూటీలో కూర్చోబెట్టడం ఏం న్యాయం?

పెద్ద భవనం ఉంటే చాలా?

"సరే, నర్సింగ్ హోమ్ వద్దు. హైదరాబాదులో అద్దాల మేడ ఉందిగా, అక్కడే చేర్పిద్దాం" అంటారా? మేమూ అదే అనుకున్నాం. పిల్ల తన సీనియర్ ఒకమ్మాయికి ఫోన్ చేసి అడిగింది. అక్కడ కొత్తగా చేరిన వాళ్లను మొదటి ఏడాదంతా కంప్యూటరు ముందే కూర్చోబెడతారట. డిశ్చార్జి కాగితాలు, ఇన్సూరెన్సు కాగితాలు. రోగి మంచం దగ్గరికి వెళ్లేది తక్కువ, ఆపరేషన్ థియేటరు గడప తొక్కేది ఇంకా తక్కువ. పైగా రెండేళ్ల బాండు, అది తీరేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే.

డబ్బు లెక్క కూడా వేసి చూశాం. 24,000లో హాస్టలుకు 8,000, బస్సులకు 1,500 పోతే చేతికి మిగిలేది 14,500. గుంటూరులో 20,000లో భోజనం 3,000 పోతే 17,000. అంకె చూస్తే హైదరాబాదు ఎక్కువ, చేతికొచ్చేది చూస్తే గుంటూరు ఎక్కువ! నెల సరుకుల చీటీ రాసే మనకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. కాబట్టి జీతం ఎంత అని కాదు, 'చేతిలో మిగిలేదెంత?' అని అడగండి.

పెద్ద ఆస్పత్రులన్నీ ఇంతే అని నేననడం లేదు. చక్కగా నేర్పేవి ఉన్నాయి. చిన్నవాటిలోనూ మంచివి ఉన్నాయి. నేననేది ఒకటే. ఈ ఉద్యోగంలో భవనాన్ని చూసి కాదు, వెనక నిలబడే డాక్టర్ని చూసి చేరాలి.

ఆవకాయ నేర్చుకునేటప్పుడు చూడండి. మొదటి ఏడు ఎవరి పక్కన కూర్చుని కలిపామో, వాళ్ల చేతి కొలతే మనకు జీవితాంతం నిలిచిపోతుంది. కారం ఎంత, ఉప్పు ఎంత, ముక్క తడి ఆరిందా లేదా అని కంటితో చెప్పేవాళ్లు ఉంటే సరే. లేకపోతే జాడీ బూజు పట్టేదాకా తెలియదు. ఆస్పత్రి పని కూడా అంతే. మొదటి ఏడాది అబ్బిన అలవాటే చివరిదాకా వస్తుంది.

చేరకముందు అడగవలసినవి

మా పిల్ల, నేను, మా తోడికోడలు ముగ్గురం కూర్చుని ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకున్నాం. మీకు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను. నర్సింగ్, ల్యాబ్, ఎక్స్‌రే చదివిన పిల్లలకు కూడా వీటిలో చాలా వరకు సరిపోతాయి.

1. నేను ఏ డాక్టరు కింద పనిచేస్తాను? రాత్రి పూట, ఆదివారం పూట ఆయన లేకపోతే ఎవరుంటారు? పిలిస్తే ఎన్ని నిమిషాల్లో మంచం దగ్గరికి వస్తారు? 'ఫోన్లో ఉంటారు' అనేది జవాబు కాదు.

2. నేను చేయాల్సిన పనులేవి, చేయకూడనివేవి? కాగితం మీద రాసిస్తారా? కాగితం మీద రాయడానికి వెనకాడే పనిని నోటిమాట మీద చేయకూడదు.

3. కోటు మీదా, గది బయటా నా పేరు పక్కన ఏమని రాస్తారు? 'ఫిజీషియన్ అసిస్టెంట్' అని స్పష్టంగా ఉండాలి. రోగికి ఆ మాట చెప్పుకునే స్వేచ్ఛ ఉండాలి.

4. నాకు ముందు చేరిన ఫిజీషియన్ అసిస్టెంట్లు ఎందరున్నారు? ఎన్నేళ్ల నుంచి ఉన్నారు? అందరూ ఆర్నెల్లకే మానేస్తున్నారంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే. వీలైతే వాళ్లలో ఒకరితో ఆస్పత్రి బయట మాట్లాడండి.

5. మొదటి మూడు నెలలు ఎవరి వెంట ఉండి నేర్చుకోవాలి? మొదటి రోజునుంచే ఒంటరి డ్యూటీ వేస్తారా?

6. నియామక పత్రం ఇస్తారా? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం ప్రతి ఉద్యోగికీ అది ఇవ్వాలి. జీతం, పని గంటలు, సెలవులు, పి.ఎఫ్., మానేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి అనేవి అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.

7. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారా? చూపించండి, జెరాక్సులివ్వండి. ఒరిజినల్సు ఇంటి బీరువాలోనే ఉండాలి. బాండు మీద సంతకం పెట్టమంటే అక్కడికక్కడ పెట్టకండి. ఇంటికి తెచ్చి, తెలిసిన వకీలుకు చూపించండి.

8. హెపటైటిస్-బి టీకా వేయిస్తారా? రక్తంతో పనిచేసే వాళ్లందరికీ ఇది కావాలి. మూడు డోసులు. మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలి, మందు ఎక్కడ దొరుకుతుంది అనేది మొదటి రోజే తెలియాలి. గుచ్చుకున్న చోటును నొక్కకుండా సబ్బుతో, నీళ్లతో కడుక్కుని వెంటనే చెప్పాలి. హెచ్.ఐ.వి. రాకుండా వాడే మందు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది. 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు.

9. ఎక్స్‌రే కిరణాలుండే క్యాథ్‌ల్యాబ్‌లో పని ఉంటే సీసపు ఏప్రన్, కిరణాల మోతాదు కొలిచే బ్యాడ్జి నా పేరు మీద ఇస్తారా?

10. రాత్రి డ్యూటీలో ఆడపిల్లలు పడుకోవడానికి లోపల గడియ ఉన్న గది ఉందా? డ్యూటీ దిగాక హాస్టలుకు ఎలా వెళ్లాలి? వేధింపుల మీద ఫిర్యాదు వినే కమిటీలో ఎవరున్నారు? పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఈ కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. 2024 ఆగస్టులో కోల్‌కతాలోని ఆర్.జి.కర్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న యువ డాక్టరుకు జరిగిన ఘోరం తర్వాత ఈ ప్రశ్న అడగడానికి ఏ తల్లీ మొహమాటపడక్కర్లేదు.

ఇన్ని అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అన్న భయం ఉంటుంది. మంచి ఆస్పత్రి వాళ్లు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. 'ఈ పిల్లకు పని మీద శ్రద్ధ ఉంది' అనుకుంటారు. విసుక్కున్నారంటే అదే మీకు జవాబు.

మరి అప్పు సంగతి?

"ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, లోను ఎవరు తీరుస్తారు?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా ఇంట్లోనూ దాని చుట్టే తిరిగాం.

చదువు లోనుకు మామూలుగా కోర్సు ముగిశాక ఏడాది దాకా కంతులు మొదలు కావు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మీ బ్యాంకుకు వెళ్లి మొదటి కంతు ఏ నెలలో, ఎంత అని కనుక్కోండి. ఆ ఏడాది పిల్ల పని నేర్చుకునే ఏడాది అనుకోవాలి. వీలైతే నెలనెలా వడ్డీ వరకు కట్టుకుంటూ పోతే అసలు మీద భారం పడదు. గాజులు ఒక ఏడు ఆలస్యంగా ఇంటికొస్తాయి. రానీయండి!

జీతం తక్కువైనా పరవాలేదని మరీ దిగజారమని కాదు సుమా. నేర్పుతున్నామనే పేరుతో చాకిరీ చేయించుకునే వాళ్లూ ఉంటారు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద వేసిన నిపుణుల కమిటీ, ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సులకు 50 పడకల లోపు చోట్ల కూడా 20,000 తగ్గకూడదని సిఫారసు చేసింది. అది నర్సుల కోసం చెప్పినదే అయినా, బేరమాడేటప్పుడు మన మనసులో ఒక అంకె ఉండడం మంచిది కదా. ఆర్నెల్లకో, ఏడాదికో జీతం ఎంత పెంచుతారో కూడా ముందే మాట్లాడుకోవాలి.

ఇంకోమాట. ఈ చదువుకు 2021లో ఒక కేంద్ర చట్టం కింద గుర్తింపు వచ్చింది. డాక్టర్లు, నర్సులు కాని ఆరోగ్య సిబ్బంది కోసం తెచ్చిన ఆ చట్టంలోని పది వర్గాలలో ఫిజీషియన్ అసోసియేట్లూ ఉన్నారు. పేర్ల నమోదుకు రిజిస్టరు, రాష్ట్రాల్లో కౌన్సిళ్లు ఉండాలని అది చెబుతోంది. కాబట్టి మీ పిల్ల మార్కుల జాబితాలు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్టు, అనుభవ పత్రాలు అన్నీ ఒక ఫైల్లో భద్రంగా పెట్టండి. నమోదుకు అవకాశం వచ్చినప్పుడు ఆలస్యం చేయకూడదు. ఇక్కడ కూడా చూడండి, మొదటి ఆస్పత్రి ఎక్కడన్నది అక్కరకొస్తుంది. రేపు ఇంకోచోటికి వెళ్తే "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అనే ముందు అడుగుతారు.

పిల్ల ఏం ఎంచుకుంది?

గుంటూరు ఆస్పత్రి వాళ్లను మా పిల్ల ఒక్కరోజు వచ్చి చూస్తానని అడిగింది. సరేనన్నారు. పొద్దున రౌండ్స్ నుంచి సాయంత్రం దాకా ఉంది. అక్కడ ఎనిమిదేళ్ల నుంచి పనిచేస్తున్న ఫిజీషియన్ అసిస్టెంట్ ఒకావిడ ఉన్నారు. డాక్టరు గారు కేసు షీటులో తప్పు చూపించేటప్పుడు అరవలేదట, కూర్చోబెట్టి చెప్పారట. రాత్రి ఒక డాక్టరు ఐసీయూ పక్క గదిలోనే ఉంటారట. తిరిగొచ్చి "నాన్నా, నేను గుంటూరు పోతా" అంది. మా మరిది రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే పెట్టె మోసుకుని బస్సెక్కించి వచ్చాడు.

చేరి నాలుగు నెలలయ్యాక ఒక సంగతి చెప్పింది. గుండె ఆపరేషన్ అయిన వాళ్లకు ఛాతీలోంచి చెడు రక్తం బయటికి రావడానికి గొట్టాలు పెడతారట. ఒక రాత్రి ఒక పెద్దాయనకు ఆ గొట్టంలో రక్తం రావడం ఉన్నట్టుండి ఆగిపోయింది. మనలాంటి వాళ్లమైతే 'హమ్మయ్య, ఆగింది' అనుకుంటాం. కానీ ఆ సీనియర్ ఆవిడ మొదటి వారంలోనే చెప్పారట. "మెల్లగా తగ్గితే మంచిది. ఉన్నట్టుండి ఆగి, బీపీ పడిపోతుంటే అది లోపలే నిండి గుండెను నొక్కుతున్నట్టు. ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకు, పిలువు" అని. పిల్ల బీపీ చూసింది, పడిపోతోంది. పక్క గదిలోని డాక్టర్ని లేపింది. పది నిమిషాల్లో సర్జన్‌కు కబురు, అర్ధగంటలో మళ్లీ థియేటర్. పెద్దాయన వారం తర్వాత నడిచి ఇంటికి వెళ్లాడు.

ఆలోచించండి. అక్కడ పిల్ల చేసింది వైద్యం కాదు. కనిపెట్టింది, పిలిచింది. కనిపెట్టడం నేర్పిన మనిషి ఒకరున్నారు. పిలిస్తే వచ్చే మనిషి ఒకరున్నారు. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ రాత్రి ఇంకోలా ఉండేది.

తల్లులుగా మనమేం చేయగలం?

'నేను ఇంటర్‌తో ఆపేశాను, నాకేం తెలుస్తుంది ఈ పెద్ద చదువుల సంగతి' అని పక్కకు తప్పుకోకండి. పిల్లకు జబ్బుల పేర్లు తెలుసు, మందుల పేర్లు తెలుసు. కానీ ఎదుటి మనిషి మాట దాటేస్తున్నాడా, నిలబడి చెబుతున్నాడా అనేది ఇరవై ఏళ్లు సంసారం చేసిన మనకే బాగా తెలుస్తుంది. మాట్లాడటానికి వెళ్లినప్పుడు వెంట వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే వరండాలో కూర్చుని, అక్కడి ఆయమ్మతో, వాచ్‌మన్‌తో మాట కలపండి. "రాత్రి పూట డాక్టరుగారుంటారా అయ్యా?" అని ఒక్క మాట అడిగితే చాలు, ఇంటర్వ్యూలో తెలియనిది అక్కడ తెలుస్తుంది.

ఇంట్లో మగవాళ్లు అంకెలు చెప్పేటప్పుడు మీరూ ఒక కాగితం తీసుకుని కూర్చోండి. ఖర్చులు తీసేస్తే మిగిలేదెంతో వేయండి. ఆ పక్కనే, పిల్ల వెనక నిలబడే మనిషి ఎవరో రాయండి. ఆ రెండో గడి ఖాళీగా ఉంటే, మొదటి గడిలో ఎంత పెద్ద అంకె ఉన్నా ఆ ఉద్యోగం వద్దనండి. 'మంచి అవకాశం పోగొడుతున్నావ్' అని ఎవరన్నా నిష్ఠూరమాడితే ఆడనివ్వండి. అవకాశాలు మళ్లీ వస్తాయి.

ఇక పిల్లకు చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. చేరాక పొరపాటు చోటని తేలితే మానేసి రావడం తలవంపులు కాదని ముందే చెప్పి పంపండి. "చెయ్యకూడని పని చెయ్యమంటే సంతకం పెట్టకు, ఫోన్ చెయ్యి. బస్సు ఛార్జీకి డబ్బులు పంపిస్తాం" అని ఆ ఒక్క మాట ఇంటి నుంచి ఉంటే, పిల్ల అర్ధరాత్రి ఐసీయూలో కూడా ధైర్యంగా 'ఇది నా పని కాదు సార్, మీరు రావాలి' అనగలుగుతుంది.

పై పది ప్రశ్నలనూ కత్తిరించి పిల్ల ఫైల్లో పెట్టండి. మీ ఇంట్లో అవసరం లేకపోతే పక్కింటి పిల్లకివ్వండి. ఈ ఏడాది కోర్సు ముగించే పిల్ల మీ వీధిలోనూ ఒకరుండే ఉంటారు.